నీ ఊరి పేరు

లచ్చీ,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. వదిన పెళ్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన అరణంలో ఇత్తడి బిందెలతో పాటు నువ్వూ సికింద్రాబాదు వచ్చావు. పెళ్లికూతురి వెంట ఇచ్చేసే దాసి, ఆడబాప అన్నారు. అంతకుముందు నిన్ను ఎక్కడి నుంచి తెచ్చారో వదినకూ తెలియదు.

పోలీసు చర్యతో నిజాం పాలన పోయాక అన్నయ్య, "పోతే పో, ఇంక నిన్నెవరు పట్టుకున్నరు?" అన్నాడు. నువ్వు మూట పట్టుకుని గేటు దాకా వెళ్లావు.

"ఏ దిక్కు పోవాలె చిన్నదొరసానీ? మా ఊరి పేరేందో నాకెర్కలేదు."

తాటిచెట్లు ఉండేవన్నావు. తాటిచెట్లు లేని ఊరేది? మళ్లీ లోపలికొచ్చి అంట్లు తోమావు.

ఇప్పుడు మౌలాలిలో కూలీల పిల్లలకు చదువు చెబుతున్నాను. కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పినట్టు అక్షరాలతో మొదలుపెట్టను. తన పేరు, అయ్య పేరు, ఊరు, ముందు అవే రాయిస్తాను.

ఇవాళ నా దగ్గర చదివే ఎల్లి వాళ్లమ్మ వచ్చింది. "దొరోళ్లు మా ఎల్లిని పెండ్లిపిల్ల తోని పంపమంటున్రు పంతులమ్మా. కడుపునిండ బువ్వ పెడ్తరట."

నలుగురిలో నోరు విప్పలేనని నీకు తెలుసు. అయినా నీ సంగతంతా చెప్పాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయ్యో, ఊరి పేరు సుత రాకపాయెనా పాపం! మా ఎల్లికి అన్నీ రాయొస్తయి గద. ఇంక నాకేం పరేషాన్ లేదు."

రేపు పొద్దున తీసుకుపోతారు. పలక ఎల్లికే ఇచ్చేశాను. ఎప్పుడైనా ఆ ఇంటి గేటు దాకా రాగలిగితే, ఏ దిక్కుకు పోవాలో దానికి తెలుసు. నేను నేర్పింది అంతవరకే.