పాచికి పంచిన పేడాలు

మే 9
ఉక్క. కొంకణ్ సముద్రంలో దిగి పగడాలు చూసే నౌకరీ చేస్తున్న మనవరాలు రూప ఫోటో పంపింది. నిరుడు నీళ్లు కాగి తెల్లబడ్డ పగడపు దిబ్బ... పచ్చగా! దూద్‌పేడాలు తెచ్చి గైబీ నగర్‌లో మా మగ్గాల గల్లీ అంతా పంచాను.
"ఏందే కాకా, మునిమనవడు పుట్టిండా?" చాయ్ దుకాణం రాజన్న.
"గంతకన్న పెద్ద ముచ్చటరా. సముద్రం బతికింది!"

మే 10
రూప ఫోన్. ముందు నవ్వింది, తర్వాత నవ్వలేదు. "తాతా, అది పాచి. సచ్చిన పగడం మీద ఎక్కింది."
పంచిన పేడాలు వెనక్కి అడగలేం కదా.

మే 11
అడిగి తెలుసుకున్నాను. పగడమంటే పురుగుల కాపురం. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కిరాయికి ఉంటుంది, కిరాయి కింద తిండి పెడుతుంది. నీళ్లు కాగితే పురుగే దాన్ని వెళ్లగొడుతుంది. తెలుపు చావు కాదు, ఆకలి. నీళ్లు తొందరగా చల్లబడితే నాచు మళ్లీ చేరుతుంది. లేదా — చావు, పైన పాచి. ఆ పాచిని చేపలు గీకి తినాలి, పిల్ల పగడాలు కొట్టుకొచ్చి అంటుకోవాలి, ఏళ్లకేళ్లు పెరగాలి. ఈలోపు సముద్రం మళ్లీ కాగకూడదు.
మా పెళ్లిలో లచ్చవ్వ పుస్తెలకు అటొకటి ఇటొకటి పగడాలు గుచ్చారు. పురుగుల సొత్తని తెలిస్తే ఆ మహాతల్లి మెడ వంచేదా! సరే, దారి తప్పాను.

మే 14
రూప ఆఫీసు పెద్దసారూ నాలాగే పచ్చదనం చూశాడట. నాది తెలివితక్కువ. వాడిది తెలివి. దిబ్బ కోలుకుంది, టూరిస్టు పడవలు తిప్పుకోండి — అని పడవల వాళ్ల మీటింగులో రూపే చెప్పాలట. ఒక మూల ఇంకా ప్రాణమున్న పగడాలున్నాయి. లంగర్లు పడితే అవీ పోతాయి.
చెప్పకపోతే నౌకరీ పోతుంది. దొంగ నాయాలు!

మే 15
కొడుకు శ్రీను: "ఒక్క మాటంటే ఏం పోతది బాపు? నీ మనవరాలు రేపు ఈడికొచ్చి గోదాంల డబ్బాలు మోస్తదా?"
"ఇంట్ల మనిషి జెరంతోని పడుంటే, లేసి తిరుగుతుందని చెప్తావురా?"
అరిచాను. కింది షెడ్డులో మరమగ్గాల మోతే చిన్నబోయింది.

మే 16
సముద్రాన్ని కాగబెట్టినవాళ్లు ఏసీల కింద చల్లగా ఉన్నారు. రాత్రింబవళ్లు కరెంటు తాగే మగ్గాలతో మేమూ ఆ పొయ్యిలో ఓ పుల్ల వేశాం. ఎవణ్ని తిట్టాలో తెలియక ఫ్యాన్‌ను తిట్టాను.

మే 18
ఇవాళే మీటింగు. పొద్దున రూప ఫోన్‌లో... "పడవలోళ్లు మంచోళ్లే తాతా. ఆళ్ల పొయ్యి గూడ ఎలగాలె గదా. ఏం జెప్పాలె?"
ప్రతిదానికీ సామెత ఉన్నవాణ్ని. ఈసారి పక్కన పెట్టాను. "నీళ్లల్ల దిగి చూసింది నువ్వు బిడ్డా" అన్నాను, అంతే.
చీకటి పడింది. రూప ఫోన్ ఎత్తడం లేదు. శ్రీనుతో మాటల్లేవు, అయినా ఇద్దరం ఆ ఫోన్‌కు చెరో పక్క కూర్చున్నాం. ఏ కబురొచ్చినా, ఇద్దరిలో ఒకడు తిట్టడం ఖాయం.