బలానికి వేసుకునేవి

జనవరి 6

ఈ రోజు నుంచి నేను మా ఇంటి రోగనిరోధక శాఖామంత్రిని. ప్రమాణ స్వీకారం వంటింటి బల్ల దగ్గర జరిగింది. హాజరైనవారు తాతయ్య, అమ్మ, ఒక మంచినీళ్ళ గ్లాసు.

మా కంపెనీ ఉద్యోగులకు నెలకో క్యాప్సూళ్ళ సీసా ఇస్తుంది. ఇమ్యూనిటీ, హెల్దీ ఏజింగ్ అని బంగారు అక్షరాలు. హెడ్‌సెట్ పెట్టుకుని రోజంతా ఎవరెవరి తాతయ్యలకో సిఫార్సు చేసేది సొంత తాతయ్యకు ఇవ్వకపోతే కళ్ళు పోతాయి. ఆయనకు డెబ్బై ఎనిమిది. క్యాప్సూల్‌ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, బొత్తాంలా బావుందే డాక్టరమ్మా, చిల్లులు పెట్టడం మర్చిపోయారు అన్నాడు. నేను చదివింది మైక్రోబయాలజీ డిగ్రీ. చేసేది టెలిఫోన్లో వెల్‌నెస్ అడ్వైజర్ ఉద్యోగం. డాక్టరమ్మ అన్న బిరుదును ఖండించాల్సింది. ఖండించలేదు.

జనవరి 19

శాఖలో ఇతరుల జోక్యం మొదలైంది. మావయ్య వచ్చి నారింజ రంగు బుడగల బిళ్ళలు ఒక గొట్టం నిండా ఇచ్చాడు. నీళ్ళల్లో వేస్తే బుస్సుమంటాయి. మేనకోడలు గింజలు పెడుతోంది, నేను పానీయం పోస్తున్నాను, ఎవరి భక్తి గొప్పదో నువ్వే చెప్పు నాన్నా అన్నాడు. అమ్మ ఏం తక్కువ తింది? సిగరెట్లు మానేశాక తాతయ్య నోరు ఊరుకోవడం లేదని గొంతు బిళ్ళల డబ్బా ఆయన కుట్టు మిషన్ సొరుగులో పెట్టింది. రోజుకు ఆరు చప్పరిస్తాడు. చుట్టూ ఇంతమంది ఉండగా ముసలితనానికి ఎంత ధైర్యం కావాలి ఈ గుమ్మం తొక్కాలంటే!

ఫిబ్రవరి 27

ఇంటిల్లిపాదీ తుమ్ముతున్నాం. తాతయ్య ఒక్కడు తుమ్మలేదు. శాఖ పనితీరు పట్ల హర్షం వ్యక్తమైంది. వ్యక్తం చేసింది నేనే.

మే 11

ముందు గదే తాతయ్య దర్జీ కొట్టు. యాభై రెండేళ్ళుగా అదే కాలి మిషన్. మోటారు పెట్టిస్తామంటే, గుడ్డ సంగతి నా పాదానికి తెలుస్తుంది, మీ మోటారుకేం తెలుసు అంటాడు. ఈ రోజు మధ్యాహ్నం తొక్కుతూ తొక్కుతూ ఆగాడు. పాదం కింద ఎవరో దూది పరిచినట్టుందట.

నాకు జవాబు కంఠస్థం. కంపెనీ ఇచ్చిన స్క్రిప్ట్‌లో పద్నాలుగో పేజీ: నీరసం, తిమ్మిరి, వయసు అరవై పైన, అయితే డోసు రెట్టింపు. ఇక నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అన్నాను. సరేనమ్మా డాక్టరమ్మా అన్నాడు. ఎందుకు, ఏమిటి అని కూడా అడగలేదు.

జూలై 2

చొక్కా కాలరు కుట్టు వంకరపోయింది. తాతయ్య కుట్టు! విప్పి మళ్ళీ కుట్టాడు. మళ్ళీ వంకర. అమ్మ కళ్ళజోడు మార్చాలంది. మావయ్య వయసు అన్నాడు. నేను క్యాప్సూల్ ఇచ్చాను.

ఆగస్టు 20

తాతయ్య గుమ్మం దగ్గర పడ్డాడు. గుమ్మం ఉన్నచోటే ఉంది, నా కాలే ఎక్కడికో పోయింది అన్నాడు. అందరం నవ్వాం.

ఆగస్టు 23

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఏం మందులు వాడుతున్నారు అని అడిగాడు. బీపీ బిళ్ళ ఒక్కటే అని నేను, అమ్మ ఒకే గొంతుతో చెప్పాం. అబద్ధం కాదు. మా ఇంట్లో మందు అంటే జబ్బుకు వేసుకునేది. బలానికి వేసుకునేవి వేరే కులాసా వ్యవహారం. రక్తం తీశారు.

ఆగస్టు 26

రక్తం తగ్గింది. తెల్లకణాలు ఉండాల్సినదాంట్లో సగం కూడా లేవు. అంటే రోగాలతో పోరాడే సైన్యం. నా శాఖ. నా కళ్ళ ముందే సైనికులు పారిపోతున్నారు. రక్తం స్పెషలిస్టుకు చీటీ రాసిచ్చారు.

ఇంటికొచ్చి తాతయ్యకు గట్టిగా చెప్పాను. ఇప్పుడే ఒక్క పూట కూడా మానకూడదని. మావయ్య ఇంకో గొట్టం తెచ్చాడు.

సెప్టెంబరు 15

జ్వరం. ఆస్పత్రిలో చేర్చాం.

సెప్టెంబరు 24

తొమ్మిది రోజుల తర్వాత ఇంటికి. మంచం మీంచి మిషన్ దాకా గోడ పట్టుకుని వస్తున్నాడు. నేల వైపు చూస్తూ అడుగులు వేస్తున్నాడు. చూపు తిప్పితే పడిపోతున్నాడు. కత్తిరించిన చొక్కాలు నాలుగు బల్ల మీద అలాగే ఉన్నాయి. వాటిని కుట్టి ఇచ్చేదాకా నన్ను మంచం ఎక్కించొద్దు అన్నాడు. ఆయనకు కావలసింది అదొక్కటే. మిషన్ మళ్ళీ తొక్కాలి.

ఈసారి నాకు జోకు తోచలేదు.

అక్టోబరు 3

ఎముకలోంచి మజ్జ తీశారు. తాతయ్య బయటికొచ్చి, తుంటికి కాజా తీశారే, ఇక బొత్తాం కుట్టడమే తరువాయి అన్నాడు. అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. కేన్సర్ అన్న మాట ఇంట్లో ఎవరూ అనడం లేదు. ఉప్పు అందించమన్నా ఆ మాటే అన్నట్టు వినిపిస్తోంది.

అక్టోబరు 9, ఉదయం 11.10

ఆస్పత్రి వరండాలో రాస్తున్నాను.

మజ్జలో కేన్సర్ లేదట. కొత్తగా చేరిన డాక్టరు, నా వయసుకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, ఏం మందులు అని అడగలేదు. పొద్దున్న లేచింది మొదలు నోట్లో ఏమేం వేసుకుంటావు తాతా అని అడిగింది. తాతయ్య ఉత్సాహంగా వేళ్ళు మడిచాడు. మా డాక్టరమ్మ ఇచ్చే గింజ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మా అబ్బాయి తెచ్చిన బుడగల నీళ్ళు. మా అమ్మాయి పెట్టే గొంతు బిళ్ళలు ఆరు. చెబుతుంటే ఆయన మొహంలో గర్వం. ఇంతమంది చూసుకుంటున్నారు నన్ను అన్నట్టు.

డాక్టరు లేబుళ్ళు కావాలంది. మావయ్య ఇంటికెళ్ళి అన్నీ సంచిలో వేసుకొచ్చాడు. నేను వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాను. రెండు పూటలా కలిపి నేనిచ్చేది వంద మిల్లీగ్రాముల జింక్. బుడగల బిళ్ళలో ఇరవై. గొంతు బిళ్ళ ఒక్కోదాంట్లో పదమూడు. మొత్తం రోజుకు నూట తొంభై ఎనిమిది. మనిషికి కావలసింది పదకొండు. మూడు సీసాలు ఒకే ఇంట్లో తొమ్మిది నెలలుగా ఉన్నాయి. ఒక్కరం కూడా పక్కవాళ్ళ సీసా తిప్పి చూడలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 3

జింక్ మరీ ఎక్కువైతే పేగు రాగిని ఒంట్లోకి రానివ్వదట. రాగి లేకపోతే రక్తం తయారవదు, తెల్లకణాలు తయారవవు, వెన్నులో నరాలు దెబ్బతింటాయి. ఇమ్యూనిటీ సీసా మింగించి ఇమ్యూనిటీ తీసేశాం.

వరండాలో మావయ్య తల బాదుకుంటున్నాడు, అంతా నావల్లే అక్కా అంటూ. అమ్మ, కాదురా, ఆ డబ్బా పెట్టింది నేను కాదూ అంటోంది. నేరం నాదంటే నాదని పోటీ. నేను పాల్గొనలేదు. పాల్గొంటే నేనే గెలుస్తాను.

అక్టోబరు 14

రక్తంలో రాగి దాదాపు సున్నా. సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. జింక్ అన్నీ బంద్. సీసాలు నేనే చెత్తబుట్టలో వేశాను. కాసేపటికి తీసి గట్టిగా మూతలు బిగించి మళ్ళీ వేశాను. ఎవరైనా ఏరుకుంటారేమోనని భయం వేసింది. మూత బిగిస్తే ఏమవుతుందో తెలియదు.

నవంబరు 30

రక్తం మామూలైంది. తెల్లకణాలు మామూలయ్యాయి. మరి కాళ్ళు అని అడిగాను. రక్తం త్వరగా తిరిగొస్తుంది, నరాలు మాటివ్వవు అంది డాక్టరు. కొంత రావచ్చు, అసలు రాకపోవచ్చు, మే నెలలో దొరికి ఉంటే అంటూ ఆగిపోయింది. ఆ నెల పేరు నేను చెప్పలేదు ఆమెకు. తాతయ్య చెప్పి ఉంటాడు, దూది సంగతి.

డిసెంబరు 8

ఒకావిడ కాల్. వాళ్ళమ్మకు అరికాళ్ళు తిమ్మిరట. ఇంకా ఏమేం వేసుకుంటారండీ అని అడిగాను. పాపం, పదకొండు నిమిషాలు చెప్పింది. సూపర్‌వైజరు వింటున్నాడు. ఆ ప్రశ్న స్క్రిప్ట్‌లో లేదు కదమ్మా అన్నాడు మర్యాదగానే. తర్వాతి కాల్‌కు పద్నాలుగో పేజీ చదివాను. చదివాను, రాసుకుంటున్నాను, చదివాను. ఆ తర్వాతి కాల్ ఎత్తలేదు. హెడ్‌సెట్ తీసి ఇంటికొచ్చేశాను. దీన్ని రాజీనామా అంటారేమో. కాగితం ఇంకా రాయలేదు.

డిసెంబరు 21

చెప్పేశాను. తాతయ్యా, నువ్వు దూది అన్నరోజు నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా డోసు రెట్టింపు చేసింది నేను, పుస్తకంలో రాసుందని చేశాను, ఆలోచించి కాదు అన్నాను. ఏడుపు రాకుండా చెబుదామనుకున్నాను. కుదరలేదు.

ఆయన మోకాళ్ళు తడుముకున్నాడు. కత్తెర పడ్డాక గుడ్డతో తగువేసుకోకూడదే అన్నాడు. తర్వాత, నాకూ కొంచెం కోపంగానే ఉంది, ఉండనీ కొన్నాళ్ళు, పోతుందిలే అన్నాడు. మన్నించానని అనలేదు. అనుంటే నమ్మేదాన్ని కాదు.

సాయంత్రం ఆ నాలుగు చొక్కాల ముక్కలు మూట కట్టించి, పక్క వీధి దర్జీకి ఇచ్చి రమ్మన్నాడు. కొలతల చీటీ కూడా పెట్టాడు. భుజం దగ్గర కాస్త వదులు పెట్టమని చెప్పవే, వేసుకునే ఆయన చెయ్యి ఎత్తినప్పుడు పట్టేస్తుంది అన్నాడు.

జనవరి 29

ఫిజియోథెరపీ మనిషి ఇంట్లో చేయమన్న పరీక్ష. తాతయ్యను కళ్ళు మూసుకోమన్నాను. కాలి బొటనవేలు పైకి వంచానా, కిందికి వంచానా చెప్పు అన్నాను.

పైకి అన్నాడు, పూర్తి నమ్మకంతో.

నేనింకా వేలు పట్టుకోలేదు.