చూరులో గ్లాసు

12 ఆగస్టు 1999, గురువారం, గంగాలిన్

రోజంతా ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాముల్లోని రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చేసీ చేసీ కళ్ళు మండుతున్నాయి. ఇంటికొస్తే సింధు హిస్టరీ అసైన్‌మెంట్ పట్టుకుని కాచుక్కూర్చుంది. అమెరికాలో బానిసత్వం పోయిన వందేళ్ళకి కూడా తెల్లవాళ్ళకో కుళాయి, నల్లవాళ్ళకో కుళాయి. ఆ ఫోటో చూపించి, "నాన్నా, వాజ్ ఇట్ లైక్ దిస్ ఇన్ యువర్ విలేజ్?" అంది.

"మా ఊళ్ళో అసలు కుళాయిలే లేవమ్మా," అన్నాను. నవ్వేసి, మా నాన్న ఊళ్ళో ఇలాంటివి లేవని పెన్నుతో రాసేసుకుంది. రేపు పొద్దున్నే టీచర్‌కి ఇచ్చేస్తుందట.

కుళాయిలు లేని మాట నిజమే. మా పాలేరు యేసోబు గ్లాసు మాత్రం కొట్టం చూరులో ఉండేది. దాహమేస్తే వాడే దాన్ని తీసి పట్టుకునేవాడు. నేను చెంబుతో పైనుంచి పోసేవాణ్ణి, చెంబు గ్లాసుకి తగలకుండా. అలా పొయ్యాలని నాకెవరూ చెప్పిన గుర్తు కూడా లేదు.

లేచెళ్ళి సింధుకి చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలో తెలియక, పైన రాసింది మళ్ళీ చదువుకున్నాను.

'వాడు' అని రాశాను. యేసోబు మా నాన్నకంటే వయసులో పెద్ద.