రెక్క మింగిన వెలుతురు

ఓబులేసూ,

ఈ ఉదయం పదకొండు గంటలకు, కడపలో ఒక కాలేజీ ల్యాబులో, నీ ఫొటోలో తప్పు లేదని తేలింది.

బద్వేలు దారిలో నువ్వు తీసిన నల్ల సీతాకోకచిలుక ఫొటో అది. "ఏమప్పా, పేపరుకు తూటు పడినట్టుండాది, కెమెరా అమ్ముకో పో" అని మన పత్రిక డెస్కులో నవ్వారు. అచ్చులో నలుపు ముద్దవుతుందని రెక్క మీది గీతలు కనబడేదాకా వెలుతురు పెంచడం డెస్కు అలవాటు. నువ్వు పెంచనివ్వలేదు. ఫొటో అచ్చు కాలేదు.

నువ్వు పోయి రేపటికి ఏడాది. మీ అమ్మాయి లక్ష్మి కర్నూలులో నీ ఫొటోల ప్రదర్శన పెడుతోంది. ప్రింటు వేసే అతను కూడా ఆ ఫొటోలో నలుపు తగ్గిద్దామన్నాడట. లక్ష్మికి ఎటూ తోచలేదు. అదే రకం సీతాకోకచిలుక ఒకటి చచ్చిపడి ఉంటే దాని రెక్క పట్టుకుని, నన్ను ల్యాబుకు తీసుకెళ్లింది.

జువాలజీ మేడమ్ రెక్క మీద స్పిరిట్ చుక్క వేసింది. తడిసినచోట నలుపు మట్టిరంగుకు తిరిగింది. ఆరగానే మళ్లీ నలుపు.

"ఈ పొలుసుల్లో రంగొకటే కాదు, కంటికి కనపడని గుంతలుండాయి. వెలుతురు దిగితే శానావరకు బయటికి రాదు. స్పిరిట్ గుంతల్ని నింపితే నలుపు తగ్గుతాది" అంది మేడమ్.

లక్ష్మి అక్కడినుంచే ప్రింటు అతనికి ఫోన్ చేసింది. "మా నాయిన చూసిందే తీసినాడన్నా. నువ్వేం సరిచెయ్యాకు."

ప్రింటు సాయంత్రం చేతికొస్తుంది. రేపు పది గంటలకు తలుపులు తెరుస్తారు. లోపలికి వచ్చినవాళ్లు ముందుగా చూసేది దాన్నే.