చూరు కింద కన్ను

అత్తయ్యకు నమస్కారం.

ఇక్కడ ఎవరికీ జ్వరాలూ నొప్పులూ లేవు. మీరూ ఆడపడుచూ పసిబిడ్డా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. మూడు రోజులుగా మబ్బు పట్టి ఉంది గానీ చినుకు రాలడం లేదు. పాలు పితికి, దొడ్డి ఊడ్చి, పశువులకు మేత వేసి ఇప్పుడే వసారాలో కూర్చున్నాను. ఫోనులో అయితే మీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం పక్కవాళ్ళకు వినిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

పంపు బాగైంది. ఎర్ర గేదె ఇంకా ఈనలేదు. మీ దుప్పట్లు ఎండలో వేసి మళ్ళీ పెట్టెలో సర్దాను. చిన్నవాడు ఫోను ఎందుకు తియ్యడం లేదని పోయిన ఉత్తరంలో రెండుసార్లు అడిగారు. దానికి జవాబు పొడుగు. కోళ్ళ దగ్గర మొదలుపెట్టాలి.

మీరు వెళ్తూ ఇరవై రెండు కోళ్ళు అప్పగించారు. నెల తిరిగేసరికి పంతొమ్మిదయ్యాయి. వాకిట్లో ఈక లేదు, నెత్తురు చుక్క లేదు. సాయంత్రం నేను పాలకేంద్రం నుంచి వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది, మీ పెద్దబ్బాయి ఇంకా ఆలస్యం. గూటి తలుపు వేసేది కోత మిల్లు నుంచి అయిదింటికే వచ్చే మరిది ఒక్కడే. సరిగ్గా ఆ నెలలోనే అతని కాళ్ళకు కొత్త చెప్పులొచ్చాయి. ఎక్కడివంటే "కొన్నాను వదినా" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క లేదు. అతను ఎప్పుడూ అంతేనని నాకూ తెలుసు. అయినా ఆ మౌనం నాకు వేరేగా కనిపించడం మొదలైంది. పక్కింటి వడ్రంగి భార్య ఒకరోజు గోడ మీదనుంచి "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడక్కా. నేను ఎవర్నీ అనడం లేదు సుమా" అంది. ఎవర్నీ అనకుండానే అనాల్సిందంతా అని లోపలికి పోయింది.

మర్నాడు గూటికి దానంతటదే మూసుకునే తలుపు కోసం షాపుకు వెళ్ళాను. రెండు రకాలు చూపించాడు. ఒకటి గడియారంతో నడుస్తుంది, ఒకటి వెలుతురుతో.

"గడియారం దాన్ని ఎవరైనా మార్చొచ్చా?" అన్నాను.

"వేలున్నవాళ్ళు ఎవరైనా మార్చొచ్చమ్మా."

"వెలుతురు దాన్నో?"

"సూర్యుణ్ణి మార్చగలిగినవాళ్ళు."

అదే ఇమ్మన్నాను. డబ్బా కట్టేటప్పుడు మళ్ళీ అనుమానమొచ్చి, వెలుతురు పసిగట్టే దాని కన్ను మీద టార్చి వేస్తే ఏమవుతుందని అడిగాను. తెల్లారిందనుకుని తెరుచుకుంటుందన్నాడు. షాపాయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. కోళ్ళు ఎత్తుకుపోయేది నేనేననుకున్నాడేమో.

బిగించడానికి కరెంటాయన వచ్చాడు. కన్ను ఆకాశం కనిపించేచోట పెట్టాలన్నాడు. నేను వద్దన్నాను. చూరు కింద, మూలకు, టార్చి పడనిచోట పెట్టమన్నాను. "అక్కడ నీడమ్మా. కోడికి పొద్దుండగానే దీనికి పొద్దుపోతుంది" అన్నాడు. చెప్పినచోట పెట్టమన్నాను. పెట్టాడు.

మూడోరోజుకు ఇంకో కోడి తగ్గింది. ఇక నాకు సందేహం లేకపోయింది. యంత్రం మూసిన గూట్లోంచి కోడి పోయిందంటే చేత్తో తీసినవాళ్ళు ఉండాలి. గుడ్లు తీసే వెనక కిటికీ ముందు పొయ్యి బూడిద పలచగా జల్లి పాలకేంద్రానికి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే గళ్ళగళ్ళ అడుగులు, కొత్త చెప్పులవి. మర్నాడూ అవే. గుడ్లు నేను పొద్దున్నే తీస్తాను, సాయంత్రం ఆ కిటికీతో ఎవరికీ పని లేదు.

సోమవారం అన్నాల దగ్గర అడిగేశాను. మీ పెద్దబ్బాయి పక్కనే ఉన్నారు.

"పొద్దుండగానే తలుపు పడిపోతోంది వదినా. బయట నిలబడ్డవాటిని వెనకనుంచి లోపల వేస్తున్నాను" అన్నాడు మరిది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నీ తలుపుకు వంక పెట్టానంటావని."

"ఈ కథలు కోళ్ళకు చెప్పు. పొద్దు పోనిదే అది మూసుకోదు. సూర్యుడు అబద్ధమాడతాడా, నువ్వాడతావా?"

అతను కంచం ముందునుంచి లేచాడు. "అయితే ఇకనుంచి సూర్యుణ్ణే కోళ్ళు కాయమను" అని చెయ్యి కడుక్కున్నాడు. మీ పెద్దబ్బాయి మజ్జిగ పోయమన్నారు. గురువారం వెళ్ళిపోతానని మరిది గది లోపలినుంచి చెప్పాడు. వెళ్తే వెళ్ళనీ, పట్టుబడ్డవాడు ఉండడు కదా అనుకున్నాను.

ఇక్కడిదాకా మీ పెద్దబ్బాయికి తెలుసు. ఇకపైది తెలియదు.

బుధవారం పాల బండి ముందే వచ్చి వెళ్ళింది. అయిదుంబావుకే ఇంటికి చేరాను. దొడ్డి నిండా ఎండ ఉంది. నేను క్యాను దించుతుండగానే గూటి తలుపు గుర్రుమంటూ కిందికి జారి మూసుకుంది. అయిదు కోళ్ళు బయటే ఉండిపోయాయి. తలుపు రేకును ముక్కుతో పొడుస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. మరిది ఆ రోజు మిల్లులో లెక్క తేల్చుకోవడానికి ఉండిపోయాడు. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని వెనక కిటికీలోంచి నేనే లోపల వేశాను. గుడ్ల పెట్టె వెనకదాకా చెయ్యి పోయింది. అక్కడ అడుగు చెక్క పుచ్చి పిడికిలి దూరేంత బొక్క పడి ఉంది. అంచుకు ఈకలు అంటుకుని ఉన్నాయి, కొన్ని పాతవి. ముంగిసకు అది చాలు. ఆ పెట్టెలోంచి రోజూ గుడ్లు తీసేది నేనే. ఒక్కరోజూ వెనక్కి తడిమి చూడలేదు.

వెంటనే కరెంటాయన్ను పిలిచి కన్ను తీయించి బయట, ఆకాశం కిందికి మార్పించాను. బొక్కకు రేకు కొట్టించాను. "అప్పుడే చెప్పానమ్మా" అన్నాడు. ఎవరితోనూ అనొద్దన్నాను. మీ పెద్దబ్బాయి అడిగితే వైరు తెగిందని చెప్పాను.

మరిది చీకటి పడేముందు వచ్చాడు. తన గదిలో పెట్టె సర్దుకుంటూ "వదినా, నా నీలం చొక్కా ఆరిందా?" అని అడిగాడు. ఆరిందన్నాను. తీగ మీదనుంచి తీసి, మడత పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి అందించాను. మాట నోటిదాకా వచ్చింది. చొక్కా తీసుకుని అతను ఒక నిమిషం చూశాడు కూడా, ఇంకేమైనా అంటానేమోనని. పొయ్యి మీద పాలున్నాయని వచ్చేశాను. పొయ్యి మీద పాలేమీ లేవు.

తప్పు నాదని అతనికి మీరు రాయండి అనడం లేదు. అది నేనే రాయాలి. అడ్రసు మీకు పంపితే నాకు పంపండి. మీ పెద్దబ్బాయికి ఈ ఆదివారం నేనే చెబుతాను.

కోళ్ళు పద్ధెనిమిదీ ఉన్నాయి. మరిది పోయిన వారం గురువారం పొద్దున ఆరున్నర బస్సుకు వెళ్ళాడు.

ఇట్లు,
మీ పెద్ద కోడలు