సీమ జున్ను డబ్బా తెరవొద్దు

గోదావరిఖని, 10-6-1969

చెల్లె సారవ్వకు అన్న కొమురెల్లి దీవెనలు. మేము బాగున్నాం. నేను మొగిలి బావ చేత పంపిన సీమ జున్ను, అదే చీజు, డబ్బా తెరవొద్దు, బిడ్డకు అసలే పెట్టొద్దు. సేవాసంఘం వాళ్లు మా క్వార్టర్లలో ఇంటికొకటి పంచిందే అది, మా వంతుది నీకు పంపాను. పక్కింటి యేసమ్మ వాసన చూసి ముక్కు మూసుకుంటే, పంచేవాడు "సీమ జున్ను గట్లనే ఉంటదమ్మా" అన్నాడు. మన జున్ను లాంటిదే అనుకొని అందరూ బెల్లం కలిపి పిల్లలకు పెట్టారు. ఇప్పుడు వాళ్లంతా వాంతులతో దవాఖానలో ఉన్నారు.

నిన్న ఆ సంఘం వాళ్లే చాటింపు వేసి డబ్బాలు వాపసు తీసుకున్నారు.

"ఏమైందయ్యా?" అని డబ్బాలు ఏరుకునేవాణ్ని నిలదీశాను.

"ఏవో క్రిములు చేరినయట, ఫికర్ లేదన్నా."

"మరి ఖాళీ డబ్బాలు కూడా ఎందుకు?"

వాడు సంచి భుజానేసుకొని పక్కింటికి పోయాడు. ఆనవాలు లేకుండా చేసి, రేపు మామిడికాయలు తిని పడ్డారంటారు. పేదల పిల్లలంటే అంత అలుసు! నీ డబ్బాను బట్టలో చుట్టి బావకే ఇవ్వు, కరీంనగర్‌లో పరీక్ష చేయిస్తాను. ఇంకెవరడిగినా ఇవ్వకు.

బర్రె ఈనిందా? అత్తమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి?

ఒకవేళ బిడ్డకు పెట్టేసి ఉంటే, డబ్బా ఎటన్నా పోనీ, పరీక్షా వద్దు. బిడ్డనెత్తుకొని జల్ది పెద్దపల్లి దవాఖానకు పో.