చివరి పది నిమిషాలు

బుడాపెస్ట్, సోమవారం

అమ్మా ఎమేకె,

నేను కులాసా, వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోకు.

నిన్నటితో ఫుట్‌బాల్ సీజన్ ముగిసింది. గెలిస్తేనే టైటిల్ మనది. ఎనభయ్యో నిమిషం దాకా గోల్ లేదు. మీ అమ్మ పోయాక నేను స్టేడియానికి వెళ్లడం ఇదే మొదలు. ఆమె సీటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చోలేక, ఆమె ప్రతి ఆటలోనూ చివరి పది నిమిషాలు చూడలేక వెళ్లి నిలబడే చోటికే వెళ్లాను, గ్యాలరీ వెనక గోడ దగ్గరికి. అక్కడ పొద్దుతిరుగుడు గింజలమ్మే బోరిష్ నన్ను చూసి నవ్వింది.

"ఏం ఇంజనీరుగారూ, ఆవిణ్ణి పిరికిదని ఏడిపించేవారుగా! ఇప్పుడు మీకేమొచ్చింది?"

"నేనూ చూడలేకపోతున్నాను."

"అయితే ఆవిడలాగే గోడకేసి తిరిగి నిలబడండి. ఇవిగో, గింజలు నమలండి."

అంతలో పెద్ద కేక. ఎవరు కొట్టారో నాకు తెలియలేదు.

"మనవాళ్లే! ఇరవయ్యేళ్లుగా ఒక్క ఆటా చూడలేదు గానీ, కేక వింటే చెప్పేస్తాను" అంది.

నిజమే. ఒకటి, సున్నా. టైటిల్ మనదే. గోల్ నేను చూడలేదు. అయినా చాలా నెలల తర్వాత గుండె తేలికపడింది.

చేపల పులుసులో మిరపపొడి ఉల్లిపాయలు వేగాక వెయ్యాలా, ముందా? రాయి. అల్లుడికి, నీకు నా దీవెనలు.

నేనే తీసుకుపొమ్మన్న అమ్మ మఫ్లర్ తిరిగి పంపించు. ఆ గోడ దగ్గర గాలి ఎక్కువ. వచ్చే సీజన్‌కు నాకు కావాలి.

నాన్న